ముంగిస కాని ముంగిస

అరబ్బు దేశపు రైసూత్‌లో రేవు కడుతున్న కంపెనీలో ఎవరికీ లేని పని ఇస్తారి నెత్తిన పడింది. ఇంగ్లీషు ఇంజనీరు తన దేశం నుంచి తెచ్చుకున్న ఫెర్రెట్ అనే జంతువును సాకడం ఆ పని. మూరెడు పొడుగు, పొట్టి కాళ్లు, గోధుమరంగు బొచ్చు. నడుముకు సన్నని తాడు కట్టి భూమిలో వేసిన పైపులోకి వదిలితే మాంసం వాసనకు అవతలి కొసన తేలుతుంది. ఆ తాడుతో కరెంటు వైరు లాగుతారు. వారంలో ఒక్కరోజు దానికి డ్యూటీ. మిగతా కాలమంతా తిండి, నిద్ర. తనకు అంత సుఖం ఏ కంపెనీ ఇచ్చిందని ఇస్తారి గొణుక్కునేవాడు.

మేలుకుని ఉందంటే దొంగతనాలే. సబ్బుబిళ్ల, ఒంటిచెప్పు, బీడీకట్ట, ఏది దొరికితే అది ఈడ్చుకుపోయి కూలీల రూమ్‌లో మంచాల కింద దాచేది. తిట్లు మాత్రం ఇస్తారికి. ఇక దాని కంపు ఎన్నిసార్లు కడిగినా పోదు. అక్కడి వానకాలం, ఖరీఫ్ జల్లులకు తలుపులు మూసుకోవలసి వచ్చేసరికి, రూమ్‌లో పెద్దవాడైన గంగన్న తేల్చిచెప్పాడు.

"అదన్న పోవాలె, నువ్వన్న పోవాలె."

దాన్ని వదిలేస్తే ఇంజనీరు ఊరుకోడు. ఇస్తారి దాని పెట్టెతో సహా వరండాలోకి మంచం మార్చుకున్నాడు. జల్లుకు దుప్పటి తడుస్తుంటే లోపలి నవ్వులు వినబడేవి. వాళ్లతో కలిసి పడుకోవాలని ప్రాణం కొట్టుకునేది.

వెళ్లగొట్టినవాళ్లే పొద్దున్నే మళ్లీ వచ్చేవాళ్లు. వాళ్లకది ముంగిస. బయల్దేరేటప్పుడు ముంగిస కనబడితే పని అయినట్టేనాయె! ముక్కు మూసుకుని దర్శనం చేసుకుపోయేవాళ్లు. ముక్కు మూసుకుని మొక్కే భక్తిని ఇస్తారి అక్కడే చూశాడు. ఒళ్లు మండేది.

ఒకరోజు గంగన్న వచ్చాడు. జగిత్యాలలో భార్యకు ఆపరేషన్. లీవు అడిగితే మేనేజరు రెండుసార్లు కాదన్నాడు.

"ఇయ్యాల మల్ల అడుగుత. పనైతె నీ మంచం లోపలేపిస్త, తమ్మీ. ముంగీసను సూపియ్యి."

ఇస్తారికి ప్రాణం లేచొచ్చింది. పెట్టెలో చెయ్యిపెట్టి బయటికి తీశాడు. మెడ వేలాడేసింది. ఊపితే కదల్లేదు. గంగన్న మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సచ్చిందా! సచ్చిన ముంగీస ఎదురొచ్చింది. ఇగ నేను పోను." అక్కడే కూలబడ్డాడు.

"సావలేదన్నా! దాని నిద్రే గంత!"

ముక్కుకు మాంసం రాశాడు. చెవిలో ఊదాడు. అది పలకలేదు. అటు మేనేజరు జీపు స్టార్టయిన చప్పుడు. ఇస్తారికి ఓపిక నశించింది.

"గిది ముంగీసనే కాదు! ఫెర్రెట్ అంటరు. దీనికి పాము తెల్వది, శకునం తెల్వది. తినుడు, పండుడు, దొంగతనం, అంతే. వదినె ఆడ దవఖానల ఉంటె, నువ్వు ఈడ గిది సచ్చిందా బతికిందా అని కూసుంటవా? లే!"

ఆ మాటతో రూమ్ ఆశ కూడా పోయిందని ఇస్తారికి తెలుసు. అయినా రెక్క పట్టి లేపి ముందుకు తోశాడు. గంగన్న జీపు వెంట పడ్డాడు.

లీవు దొరికింది. గంగన్న సైటంతా తిరిగి, అది ముంగిస కాదట అని కూడా చాటేశాడు. రూమ్‌లో పోచన్న లేచాడు.

"మరి గీ కంపు ఎందుకు బరించినం? ఇస్తారి మనల్ని ఎర్రోళ్లను జేసిండు!"

గంగన్న వినలేదు. వరండాలోని మంచాన్ని తనే లోపలికి ఈడ్చుకొచ్చాడు.

"ముంగీస కాకుంటేంది? పొద్దుగాల నాకు ఎదురువడ్డది వీడు. పనైంది. శకునం వీడే!"

పెట్టె బయటే ఉండిపోయింది. ఎన్నాళ్లకో ఇస్తారి పొడి దుప్పటి కప్పుకుని, నలుగురి గురకల మధ్య హాయిగా నిద్రపోయాడు. తన పీడ విరగడయిందనే అనుకున్నాడు.

తెల్లారగట్ల చెవి దగ్గర ఏదో గుసగుస. పోచన్న, నర్సయ్య, పక్కరూమ్ నిసార్ అహ్మద్, ముగ్గురూ తలదువ్వుకుని మంచం చుట్టూ నిలబడి ఉన్నారు.

"జెర కండ్లు తెరువు, ఇస్తారీ," అన్నాడు పోచన్న. "ఓవర్‌టైమ్ అడగవోతున్నం. నీ ముఖం సూసి పోతం."