కొండల్ రాసిన వేళలు

జనగామలోని ఆ కార్యాలయంలో పాత భూమి పటాలను, పహాణీలను స్కాన్ చేసి భద్రపరిచేవారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి శాఖలకు మూడు ఫైల్ సర్వర్లు ఉన్నట్టు కాగితాల మీద కనిపించేది గానీ, గదిలో ఉన్నది ఒక్కటే యంత్రం. మూడు కాపురాలు ఒకే పొయ్యి మీద వండుకున్నట్టు, ఆ మూడు సర్వర్లూ ఒకే డిస్కుల వరుసను పంచుకునేవి. దాని బాగోగులు చూడడం దత్తాత్రేయ ఉద్యోగం.

సెలవు రోజుల్లో ఆయనకు మరో పని ఉండేది. గొడ్డు చచ్చినా, బిడ్డకు జ్వరమొచ్చినా బాణామతి చేసిందంటూ ఏ ముసలమ్మ మీదో పడే ఊళ్లకు వెళ్లి, సభ పెట్టి, శాంతంగా నచ్చజెప్పేవాడు. "ఎవరు చేసిండ్రని అడగకుండ్రి. ఎట్లయిందని అడుగుండ్రి" అన్నది ప్రతి సభలోనూ ఆయన చివరి మాట. పాతికేళ్లుగా చెబుతున్న మాట అది.

రెండు వేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. గనుల్లో బొగ్గు ఆగింది. ఊళ్లలో కరెంటు గంటలకు గంటలు పోయేది. ఆ రోజుల్లోనే సర్వర్ మొండికేసింది. అరనిమిషంలో భద్రమయ్యే పటానికి పది నిమిషాలు పట్టేది. మూడు శాఖల నుంచీ ఫోన్లు మోగేవి.

దత్తాత్రేయ పద్ధతిగానే వెతికాడు. మూడు సర్వర్ల మెమరీ చూశాడు, వైరస్ తనిఖీ వేళలు మార్చాడు, కేబుళ్లు మార్చాడు. ఫైళ్లను చదవడంలో జాప్యం లేదు, రాయడంలోనే ఉంది. అక్కడి నుంచి లోతుకు వెళ్తే దారి దొరికింది. రాయవలసినదాన్ని ముందు తాత్కాలిక మెమరీలో పెట్టుకుని, తర్వాత తీరిగ్గా డిస్కుకు చేర్చే సదుపాయం ఒకటి ఆ యంత్రంలో ఉంది. అది ఆగితే రాత నత్తనడకే. మధ్యాహ్నం చూస్తే అది ఆపి ఉంది. సాయంత్రం చూస్తే నడుస్తోంది. మర్నాడూ అంతే. దాన్ని ఆపగలిగే పాస్‌వర్డు తెలిసినవాళ్లు ఇద్దరే: తాను, తన సహాయకుడు కొండల్.

కొండల్‌కు ముప్పై ఏళ్లుంటాయి. భూపాలపల్లి వాడు. అన్న గనిలో కార్మికుడు, సమ్మెలో ఉన్నాడు. కొండల్ కూడా పొద్దున చౌరస్తాలోని సమ్మె టెంటులో కాసేపు కూర్చుని, ఆ తర్వాతే పనికి వచ్చేవాడు.

ఒకరోజు అతను గీతల నోటుబుక్కు ఒకటి తెచ్చి ఇచ్చాడు. "సార్, గిది కరెంటుతోని ముడివడి ఉన్నట్టున్నది. జర చూడుండ్రి."

దత్తాత్రేయ తెరిచి చూశాడు. 'సెప్టెంబర్ 21. కరెంటు వచ్చింది 11.40. పెట్టె లేచింది 11.55. నిమ్మళమైంది 5.30.' అలా పేజీల కొద్దీ ఉంది. కరెంటు ఉంటే డిస్కు తిరుగుతుంది, లేకపోతే ఆగుతుంది, సగం తిరగడమనేది ఉండదని ఆయన నవ్వి, నోటుబుక్కు ఉంచుకుని అతన్ని పంపేశాడు. కానీ ఆ వేళలు ఆయన మనసులో మరోలా పనిచేశాయి. జబ్బు ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు తగ్గుతుందో ఇంత కచ్చితంగా ఎవరికి తెలుస్తుంది?

మేనేజరు శివప్రసాద్ ఫోన్ చేసి ఒకటే అడిగాడు: ఇది ఎవరి పని? ఎందుకు ఇలా అవుతోందని అడగలేదు. దత్తాత్రేయ కూడా ఆ తేడాను పట్టించుకోలేదు. కొండలే ఆ సదుపాయాన్ని ఆపుతున్నాడని రెండు పేజీల నివేదిక రాసి, నోటుబుక్కును సాక్ష్యంగా జతచేశాడు. మూడో రోజున కొండల్ ఉద్యోగం పోయింది.

వెళ్తూ వెళ్తూ కొండల్ గుమ్మం దగ్గర ఆగాడు. గొంతు పెంచలేదు. "బాణామతి లేదని ఊరూరు తిరిగి చెప్తరు. మరి నేనేం మంత్రం ఏసిన్నని రాసిండ్రు సార్?"

దత్తాత్రేయ కంప్యూటరు తెర నుంచి తల తిప్పలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే సమ్మె ముగిసింది. కరెంటు కుదుటపడింది, సర్వరూ కుదుటపడింది. పీడ వదిలిందని కార్యాలయంలో అందరూ అనుకున్నారు. ఇంతకన్నా రుజువేం కావాలని దత్తాత్రేయ కూడా అనుకున్నాడు.

డిసెంబరులో వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఒక పగలంతా కరెంటు లేదు. మర్నాడు యంత్రం లేచింది, లేచినా నత్తనడకే. ఆ సదుపాయం మళ్లీ ఆపి ఉంది. కొండల్ అక్కడ లేడు.

అప్పుడు గానీ ఆయన యంత్రం తన గురించి తాను రాసుకునే చిట్టాను తెరవలేదు. అంతకుముందు మూడు సర్వర్ల లోపలా వెతికాడే తప్ప, వాటిని మోస్తున్న యంత్రాన్ని అడగలేదు. అందులో వరుసగా ఒకే మాట ఉంది: బ్యాటరీ ఛార్జి అవుతోంది, అంతవరకూ నేరుగా డిస్కుకే రాస్తున్నాను. ఆ తాత్కాలిక మెమరీని కాపాడే బ్యాటరీ అగ్గిపెట్టెంతది. పాతబడి, కరెంటు పోయినప్పుడల్లా అడుగంటేది. అది నిండేదాకా యంత్రం తన జాగ్రత్త కోసం తానే ఆ సదుపాయాన్ని ఆపుకునేది, నిండాక తానే తెరుచుకునేది. ఆపిన చెయ్యి అంటూ ఏదీ లేదు.

మేనేజరు దగ్గరి నుంచి నోటుబుక్కు తెప్పించి, చిట్టా పక్కన పెట్టి చూశాడు. ప్రతి వేళా సరిపోయింది. ఒక్కరోజు వేళల్లో మాత్రం రెండు నిమిషాలు తేడా వచ్చింది. అది గోడ గడియారం తప్పు.

ఆయన రెండో నివేదిక రాశాడు. పొరపాటు పూర్తిగా తనదేనని, కొండల్‌ను తిరిగి తీసుకోవాలని అందులో కోరాడు. ఆ స్థానం భర్తీ అయిందని రెండు వాక్యాల జవాబు వచ్చింది. తన స్థానమిస్తానని మళ్లీ రాస్తే దానికి జవాబే రాలేదు.

ఆదివారం భూపాలపల్లి బస్సెక్కాడు. చెల్పూర్ దగ్గర ఒక గుత్తేదారు గోదాము గేటు ముందు లారీలోంచి దిగుతున్న సిమెంటు బస్తాలను కొండల్ లెక్క చూసుకుంటున్నాడు. కనుబొమ్మల మీద బూడిదరంగు దుమ్ము పేరుకుంది. దత్తాత్రేయ జరిగినదంతా దాచకుండా చెప్పాడు. కొండల్ చివరిదాకా విన్నాడు.

"బ్యాటరీ మార్చిండ్రా సార్?"

"మార్చినం. ఇప్పుడు మంచిగ నడుస్తున్నది."

"అయితే మంచిదే." కొండల్ లారీ వైపు చూశాడు.

దత్తాత్రేయ నోటుబుక్కు అందించబోయాడు. కొండల్ తీసుకోలేదు.

"మీ తాననే ఉండనియ్యుండ్రి. బాణామతి ముచ్చట చెప్పేటప్పుడు గిది గూడ చూపియ్యుండ్రి."

తర్వాతి సభ నర్సింహులపేటలో జరిగింది. దత్తాత్రేయ ఎప్పటిలా మొదలుపెట్టలేదు. సంచిలోంచి నోటుబుక్కు తీసి, చదువుకున్న ఒకాయన ఒక అమాయకుడి మీద ఎలా వేలు చూపాడో చెప్పి, ఆ చదువుకున్నాయన తానేనన్నాడు. ఆయన తన పాత చివరి మాట అనబోతుండగా ముందు వరుసలోని ఒక ముసలమ్మ అడిగింది.

"మరి ఆ పిలగానికి నౌకరి మల్ల ఇచ్చిండ్రా, నాయినా?"

"లేదు, అవ్వ" అన్నాడు దత్తాత్రేయ. చివరి మాట ఆ రోజు చెప్పలేకపోయాడు.