లాలీ డాక్టరమ్మ చివరిచూపు

"సాండ్‌విచ్‌ల అంచులు కొయ్యడం మర్చిపోకు. పోయినసారి అందరూ ప్లేట్లలోనే వదిలేశారు, పరువు పోయింది" అన్నాడు మా ఆయన ఫెర్గల్, పేపర్లోంచి తలెత్తకుండా.

లాలీ డాక్టరమ్మ పోయింది. మా గాల్వే పల్లెల్లో ఎవరు పోయినా శవాన్ని ఇంట్లోనే పెట్టెలో ఉంచుతారు. ఊరంతా వచ్చి చూసి, టీ తాగి వెళ్తుంది. మగవాళ్ళు పోయినవాళ్ళ గురించి కథలు చెబుతారు, ఆడవాళ్ళు కప్పులు కడుగుతారు. పెళ్ళయినప్పటినుంచీ ఏ చావింటికి వెళ్ళినా నేను చూసింది వంటగదే.

రొట్టె కోస్తున్నాను గానీ చెయ్యి మాటిమాటికీ ఎడమ రొమ్ము పక్కకే పోతోంది. అక్కడ బఠాణీగింజంత గడ్డ. ఈస్టర్ నుంచి ఉంది. తడుముకుంటాను, తడిమినందుకే పెరిగిందేమోనని మళ్ళీ తడుముకుంటాను. నాకు చచ్చేంత భయంగా ఉంది. ఎవరికి చెప్పను? మోకాలు నొప్పి అన్నప్పుడే ఫెర్గల్ "నీకు ఏదో ఒక జబ్బు లేకపోతే తోచదే!" అన్నాడు. అత్తగారు అందుకుని "అయిదుగుర్ని కన్నాను, ఒక్కనాడు డాక్టరు గుమ్మం తొక్కానా?" అంది. మహాతల్లి, తొక్కలేదు మరి!

చిన్నప్పుడూ ఇదే గోల. కడుపునొప్పి అని మెలికలు తిరిగిపోతుంటే బడి ఎగ్గొట్టే నాటకం అన్నాడు నాన్న. నాయనమ్మ కాలిపుండు చూడ్డానికి వచ్చిన లాలీ డాక్టరమ్మ నా మంచం పక్కన నేలమీద చతికిలబడింది. చల్లగా తగలకుండా స్టెతస్కోపు బిళ్ళని చంకలో పెట్టి వెచ్చచేసుకుంది. "ఎక్కడమ్మా? నువ్వే చెప్పు" అంది. "దొంగవేషాలండీ" అన్నాడు నాన్న. "కడుపు నీదా కోల్మన్, దానిదా? కాసేపు నోరు మూసుకో" అంది ఆవిడ. తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అపెండిక్స్ పగలబోతోందట. బతికించినందుకు సరే, నా మాట నమ్మినందుకు ఆవిడంటే నాకు ప్రాణం. ఆ తర్వాత అంత తేలిగ్గా నన్నెవరూ నమ్మలేదు.

సాయంత్రం డాక్టరమ్మ ఇంటికి వెళ్ళాం. పెట్టెలో ఆవిడ చేతుల చుట్టూ జపమాల చుట్టారు. ఆ చేతులమీద చెయ్యి వేశాను. ఏడుపు ఆగలేదు. అయ్యో, ఒక్కసారైనా ఈవిడకి థాంక్స్ చెప్పానా?

"ఎత్నా, నువ్వేమైనా చుట్టానివా ఏంటి? హాల్లో వాళ్ళకి టీ అందలేదు" అన్నాడు ఫెర్గల్ వెనకనుంచి.

వంటింట్లోకి వెళ్ళి ట్రే సర్దాను. ఇప్పుడు ఊరి క్లినిక్ నడుపుతున్న చిన్న డాక్టరు ఓర్లా పాలకోసం వచ్చింది. ఆవిడ వెనకే ఫెర్గల్, టీ ఏదంటూ.

"డాక్టరుగారూ, నాకు రొమ్ములో గడ్డ తగులుతోంది" అనేశాను.

ఫెర్గల్ మొహం ఎర్రబడింది. "చావింట్లో ఇవేం మాటలే?" అని, ఓర్లా వైపు తిరిగి నవ్వాడు. "దీనికి ప్రతిదానికీ కంగారేనండీ. ఏమీ ఉండదు."

ఓర్లా పాలగిన్నె కింద పెట్టి నన్నే చూస్తోంది.

ట్రే తీసి ఫెర్గల్ చేతుల్లో పెట్టాను. "హాల్లో వాళ్ళకి నువ్వే ఇవ్వు" అన్నాను. "వెళ్తూ ఆ తలుపు వేసి వెళ్ళు."