రబ్బరు చేతికి నాడి

క్రిస్టినా సంచిలోంచి చెయ్యి తీసి బల్లమీద పెట్టగానే జుబేర్ స్టూలు మీంచి ఒక్క ఉదుటున లేచాడు. భుజం కింద తెగిన చెయ్యి. గోళ్ళతో సహా ఉంది.

"రబ్బరుదండీ, కంగారు పడకండి," అందామె నవ్వుతూ.

ఏలూరు పవర్‌పేటలో జుబేర్‌ది స్ప్రేయర్లు, చిన్న పంపులు బాగుచేసే షాపు. దెందులూరు, ఉంగుటూరు రైతులు మందు కొట్టే డబ్బాలు తెచ్చి అతనికి అప్పగించి పోతుంటారు. క్రిస్టినా ఊళ్ళోనే ఒక నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెబుతుంది. ఆమె అలా వచ్చింది 2007లో, నాట్లు మొదలైన రోజుల్లో.

"సూదులు వేయడం నేర్పడానికి కొన్నారండి దీన్ని. లోపల గొట్టాల్లో ఎర్రనీళ్ళు పోస్తాం. అవి కదలవు, మెదలవు. మా పిల్లలు వార్డుకెళ్ళి మనిషి చెయ్యి పట్టుకుంటే నాడి దొరక్క బిక్కమొహం వేస్తున్నారు. దీంట్లో రక్తం పారాలండి, నాడి కొట్టుకోవాలి. మీ వల్ల అవుతుందా?"

"నీళ్ళు పారించడమే కదండీ," అనేశాడు జుబేర్.

అక్వేరియం మోటారు ఒకటి తగిలించి చూశాడు. నీళ్ళు చక్కగా పారాయి. మణికట్టు మీద వేలు పెడితే మాత్రం ఏమీ తెలియలేదు. అప్పుడు తన మణికట్టే పట్టుకుని చూసుకున్నాడు. నలభై ఏళ్ళుగా తనతో ఉన్నదాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదని మొదటిసారి అనిపించింది.

పాత కారు వైపర్ మోటారు తెచ్చి దానికో వంకర చక్రం బిగించాడు. చక్రం తిరిగినప్పుడల్లా గొట్టాన్ని ఒకసారి నొక్కి వదులుతుంది. నిమిషానికి డెబ్బై రెండు. ఈసారి నాడి దొరికింది. క్రిస్టినా వచ్చి వేళ్ళు ఆనించి చూసింది.

"కొట్టుకుంటోంది గానీ, తలుపు తడుతున్నట్టుందండీ. మనిషి చెయ్యి అలా ఉండదు."

"మరెలా ఉంటుందండీ?"

ఆమె చెప్పబోయి ఆగిపోయింది. "పట్టుకుంటే తెలుస్తుందండీ. చెప్పడం రావట్లేదు," అంది.

ఆ మాట అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. ఇంట్లో భార్య నిలోఫర్ అన్నం వారుస్తుంటే పక్కన నిలబడి, గిన్నె దించగానే చెయ్యి పట్టుకున్నాడు.

"ఏంటండీ ఇది? నాకు జ్వరం లేదు."

"ఉండు, మాట్లాడకు."

షాపుకొచ్చిన రైతుల్నీ వదల్లేదు. డబ్బా మోసుకుంటూ ఎండలో వచ్చినవాళ్ళ నాడి ఎగిరెగిరి పడేది. టీ తాగి కూర్చున్నాక నెమ్మదించేది. అన్ని చేతుల్లోనూ అతనికి ఒకటే కనిపించింది. దెబ్బకీ దెబ్బకీ మధ్య నాళం ఖాళీ అయిపోదు. పొంగినది మెల్లగా దిగుతుంది, పూర్తిగా దిగేలోపే మళ్ళీ పొంగుతుంది.

అలా మెల్లగా దిగనిచ్చేది ఏమిటా అని నాలుగు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. ఐదో రోజు ఒక స్ప్రేయర్ విప్పుతుంటే చెయ్యి ఆగిపోయింది. మీట నొక్కినప్పుడే కాక, వదిలినప్పుడు కూడా మందు చిమ్ముతూనే ఉంటుంది. లోపలి గదిలో ఇరుక్కున్న గాలి దాన్ని తోస్తూ ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా ఆ గదికి వాషర్లు మారుస్తున్నాడు!

ఆ సాయంత్రమే గొట్టం దారిలో గాలి ఉన్న చిన్న సీసా ఒకటి పెట్టాడు. బిరుసు గొట్టం తీసేసి, ఒత్తితే సాగే మెత్తటి రబ్బరు వేశాడు. నీళ్ళు మరీ పలచనని క్రిస్టినా గ్లిజరిన్ తెచ్చి కలిపింది. ఇద్దరూ తలో వేలూ పెట్టి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మా పెదనాన్నకి చూపిద్దామండీ," అందామె.

ప్రసాదరావు గారు కాంపౌండరుగా కొల్లేటి లంకల్లో పడవల మీద తిరిగి ముప్పై ఏళ్ళు జనం చేతులు పట్టుకున్న మనిషి. ఆదివారం చర్చి అయ్యాక షాపుకొచ్చారు. జుబేర్ రబ్బరు చేతి మీద తువ్వాలు కప్పి, మణికట్టు ఒక్కటే బయట పెట్టాడు. ఆయన కళ్ళు మూసుకుని మూడు వేళ్ళు ఆనించారు.

జుబేర్ ఆయన మొహం వంకే చూస్తున్నాడు.

"బాగుందమ్మా," అన్నారు చివరికి. వేళ్ళు మాత్రం తియ్యలేదు. కాసేపటికి నుదురు ముడిపడింది. "ఇతన్ని పడుకోబెట్టండి."

"ఎవర్నండీ?"

"ఈ చేతి మనిషిని. పట్టుకున్నప్పుడు నాడి నిండుగా ఉంది. ఇప్పుడు సన్నబడుతోంది. గుండె తన పని తను చేస్తోంది గానీ కిందికి రావాల్సింది రావట్లేదు. రక్తం ఎక్కడో పోతోంది, చూడండి."

జుబేర్ మోటారు వంక చూశాడు, సరిగ్గానే తిరుగుతోంది. వంగి బల్ల కింద చూశాడు. ఒక జాయింటు వదులై, ఎర్రటి ద్రవం గోడ వారగా పారి మడుగు కట్టింది.

అతనికి సిగ్గు వెయ్యాల్సింది. బదులుగా ఒళ్ళు జలదరించింది. కంటికి కనపడని కారుడు వేలికి తెలిసింది! గబగబా జాయింటు బిగించి, పోయినంత ఎర్రనీళ్ళు మళ్ళీ పోశాడు.

"ఇప్పుడండీ?"

ప్రసాదరావు గారు మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. "కోలుకుంటున్నాడు," అన్నారు.

క్రిస్టినా మడుగు వంకే చూస్తోంది. "జుబేర్ గారూ, అక్కడో కుళాయి పెట్టగలరా? మాకు కావాల్సినప్పుడు కారేలా?"

కుళాయి పెట్టాడు. ఆగస్టులో ఆ చెయ్యి స్కూలుకి వెళ్ళింది. క్రిస్టినా చెప్పకుండా కుళాయి తిప్పేది. ఎవరు ముందు పసిగడతారా అని ఆడపిల్లలు ఊపిరి బిగబట్టి వేళ్ళు ఆనించేవారు. తాడేపల్లిగూడెం నుంచి ఇంకో స్కూలువాళ్ళూ చూసిపోయారు. పసిపిల్లల చెయ్యి కూడా చేస్తారా అని అడిగారు.

జుబేర్ ఈసారి నోరు జారలేదు. తెలుసుకుని చెబుతానన్నాడు. ఆ శుక్రవారం నమాజు అయ్యాక బస్సెక్కి ప్రసాదరావు గారి ఊరు వెళ్ళాడు. ఆయన మనవరాలికి మూడో నెల. నిద్రపోతోంది.

"మణికట్టు దగ్గర దొరకదు బాబూ. దండచెయ్యి లోపలివైపు చూడు, మెత్తగా."

జుబేర్ చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఒక్క వేలు ఆనించాడు. మొదట ఏమీ లేదు. తర్వాత చర్మం కింద ఏదో సన్నగా, ఎడతెగకుండా పరుగెత్తుతున్నట్టు తగిలింది. వాచీ చూస్తూ లెక్క మొదలుపెట్టాడు. నలభై దగ్గర తప్పిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు.