చెయ్యి లేచిన ఆదివారం

ఈమధ్య నా జడ మా ఆయనే వేస్తున్నాడు. కుడిచెయ్యి భుజం దాటి లేవదు కాబట్టి, పొద్దున్నే ఇడ్లీలు దించగానే నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక నిలబడి, ఓపిగ్గా చిక్కు తీసి అల్లుతాడు. మొదట్లో జడ వంకరగా వచ్చేది. ఇప్పుడు నాకంటే బాగా వేస్తున్నాడు. పక్కింటి రామాయమ్మ గారు గుమ్మంలోంచి చూసి, "అదృష్టవంతురాలివమ్మా పరిమళా. మా ఆయన నా తల నెరిసిందన్న సంగతే సూడలేదు" అంటుంది. నేను నవ్వుతాను. ఆ వేళ్ళు తలలో తిరుగుతుంటే నాకు నిజంగానే హాయిగా ఉంటుంది, అదే నాకు అర్థం కాదు. ఇడ్లీలు దించింది ఎవరంటారా, నేనే, ఎడంచేత్తో.

ఎలా పడ్డావని ఎవరడిగినా నా నోట ఒకటే మాట. బండి మీంచి జారి పడ్డాను. సండే స్కూల్లో కంఠత వాక్యం అప్పజెప్పినట్టు తడుముకోకుండా చెప్పేస్తాను. ఆ మాట మొదట చెప్పింది మా అత్తయ్య, కట్టు కట్టే ముసలాయన దగ్గర. ఆస్పత్రికి వెళ్దామంటే, "డాక్టర్లు కోసేస్తారు, కట్టే మంచిది" అని అక్కడికే తీసుకెళ్ళింది. ఆయన తప్పిన భుజాన్ని ఎక్కించి, కోడిగుడ్డు సొన రాసిన గుడ్డతో చేతిని ఒంటికి కలిపి బిగించాడు. మూడు వారాలకి విప్పెయ్యమన్నాడు. "ఇంకొన్నాళ్ళుంటే ఏటవుద్ది, గట్టిపడుద్ది" అని మా అత్తయ్య విప్పనివ్వలేదు. గట్టిపడింది నిజమే. ఎముక ఒక్కటే కాదు, భుజం మొత్తం బిగుసుకుపోయింది.

టెన్త్‌కి సోషల్ చెప్పేదాన్ని. కట్టు విప్పాక బడికి వెళ్తే బోర్డు కిందిసగంలోనే రాయగలిగాను. కరస్పాండెంటు గారు పిలిచి, "వెనక బెంచీలకి కనపడట్లేదట మేడమ్. ప్రస్తుతానికి యూకేజీ చూడండి, అక్కడ బోర్డు కిందకే ఉంటుంది" అన్నారు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. ఇంటికొచ్చి చెప్పుకుంటే మా ఆయన, "మంచిదే కదే, కాస్త రెస్టుంటాది" అన్నాడు. యూకేజీ పిల్లల్ని ఎప్పుడైనా చూశాడో లేదో.

చెయ్యి ఎంతకీ లేవకపోతే చివరికి ఆస్పత్రికే వెళ్ళాం, డాక్టరు గారు ఫిజియోథెరపీ రాశారు. ఆర్టీసీ కాంప్లెక్స్ వెనక సందులో చిన్న క్లినిక్. లావణ్య అనే అమ్మాయి చేయిస్తుంది. గోడ మీద వేళ్ళతో చీమలా పైకి పాకమంటుంది. పైన కట్టిన తాడు లాగమంటుంది. మోచెయ్యి కింద తన చెయ్యి పెట్టి, "వస్తోందండీ, వదిలెయ్యండి" అంటుంది. నిజంగానే వస్తుంది, కళ్ళ ఎత్తుదాకా. ఇంతలో నన్ను తీసుకెళ్ళడానికి బయట కాచుకున్న మా ఆయన బండి స్టార్ట్ చేస్తాడు. అంతే, నా భుజం చెవి దగ్గరికి లేచిపోతుంది, చెయ్యి కొయ్యబారిపోతుంది.

"భుజం రావడానికి రెడీగానే ఉందండీ, మీరే పట్టేసుకుంటున్నారు" అంది లావణ్య ఒకరోజు.

నేనా? నేనెందుకు పట్టుకుంటాను? ఇంట్లో మా అత్తయ్య కూడా అదే అంటుంది, కాకపోతే వేరే గొంతుతో. "పనికి లెగని సెయ్యి అన్నం కలపడానికి బానే లెగుద్ది." వినీ వినీ నాకే అనుమానం పట్టుకుంది. నటిస్తున్నానేమో. చెయ్యి బాగైతే నీళ్ళ బిందెలు, బట్టల బకెట్లు, ప్రార్థన కూడిక ఉన్నప్పుడల్లా అంతమందికి వంట, అన్నీ మళ్ళీ నా నెత్తికే వస్తాయి. జడ వెయ్యడం కూడా ఆగిపోతుంది. బాగు కావాలనీ ఉంది, కాకూడదనీ ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండూ నేను తవ్వుకున్నవేనా అంటే అదీ తెలీదు.

ఆ వారంలోనే లావణ్య చేతిని వెనక్కి సాగదీసే వ్యాయామం మొదలుపెట్టింది. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, వెనకున్న ఇనప కడ్డీ పట్టుకుని ఒక కాలు మెల్లగా నేల మీద పెట్టమంది. పెట్టాను. ఎందుకో ఏడుపొచ్చేసింది.

"నొప్పాండీ?"

"కాదు."

"మరేటండీ?"

"తెలీదు."

ఏం చెప్పను? నా కళ్ళముందు నాతవరం రోడ్డు ఉంది. మా ఆయన వాళ్ళక్క ఇంట్లో ప్రార్థన కూడిక అయ్యాక, వంటంతా నేనొక్కదాన్నే చెయ్యలేనని నలుగురిలో అన్నాను. దారి పొడుగునా తిట్టాడు. చెరుకు తోటల దగ్గర బండి ఆపి, "దిగు. నడిసి రా" అన్నాడు. చీరతో ఒకవైపు కూర్చున్నదాన్ని, వెనక కడ్డీ పట్టుకుని ఒక కాలు కింద పెట్టాను. నేనేదో అన్నాను. ఆయనేదో అన్నాడు. బండి కదిలింది. తర్వాత ఆయన పరుగెత్తుకొచ్చి, దుమ్ములో కూలబడి, నా తల ఒళ్ళో పెట్టుకుని, "క్లచ్ వదిలేసినానే, సూసుకోలేదే" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు నటన కాదు. ఆ మధ్యలో మేం అనుకున్న రెండు మాటలేంటో ఎంత తవ్వినా నాకు గుర్తు రావు.

లావణ్య కడ్డీ మీంచి నా చెయ్యి నెమ్మదిగా తీసింది. "మీరు ఆపమనగానే ఆపేస్తానండీ. ఎక్కడైనా సరే, సగంలోనైనా సరే" అంది. నాకు నమ్మబుద్ధి కాలేదు. పరీక్షిద్దామని ఊరికే "ఆపండి" అన్నాను. ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అన్నాను. మళ్ళీ ఆపింది, విసుక్కోకుండా. ఒక మాటంటే ఎదుటి మనిషి ఆగుతారని ఈ వయసులో నేర్చుకుంటున్నానే అని నామీద నాకే జాలేసింది. ఆ రోజు నుంచీ భుజం వదులవడం మొదలైంది. మరుసటి నెలకి చెయ్యి తల దాటి లేచింది.

మా అత్తయ్య సంబరం అంతా ఇంతా కాదు. చెయ్యి లేస్తే సంఘంలో సాక్ష్యం చెప్పిస్తానని ప్రార్థనలో మాటిచ్చిందట. చేసిన మేలు సంఘం ముందు చెప్పుకోకపోతే దేవుడు చిన్నబుచ్చుకుంటాడని ఆవిడ నమ్మకం. శనివారమంతా నాకు పాఠం చెప్పింది. "బండి మీంచి జారి పడితే ప్రాణం కాపాడేడు, సచ్చిన సెయ్యి లేపేడు, అను. ఎక్కువ మాటాడకు. సెయ్యి ఎత్తి సూపించి బేగి కూసో."

ఆదివారం పొద్దున మా ఆయన జడ మరింత శ్రద్ధగా వేశాడు. ఆరాధన మధ్యలో పాస్టరు గారు నా పేరు పిలిచారు. ముసుగు సర్దుకుని ముందుకెళ్ళాను. ఆడవాళ్ళ వైపు మా అత్తయ్య కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. మగవాళ్ళ వైపు మొదటి వరసలో మా ఆయన, తెల్ల చొక్కాలో, నన్నే చూస్తున్నాడు. మంచి చూపే. ఎడంచేత్తో మైకు పట్టుకుని కుడిచెయ్యి పైకెత్తాను. నిటారుగా లేచింది. "స్తోత్రం, స్తోత్రం" అంది సంఘమంతా. ఇక ఒక్క వాక్యం అప్పజెప్పి కూర్చోవాలి.

"సంఘానికి వందనాలు. దేవుడు నా చెయ్యి లేపాడు, ఆయనకి స్తోత్రం" అన్నాను. "బండి మీంచి" అన్నాను. తర్వాతి మాట రాలేదు. ఎన్నిసార్లు చెప్పిన మాటో అది. చెయ్యి ఇంకా పైనే ఉంది. దించాలనిపించలేదు.

"నేను జారి పడలేదండీ. దిగుతుంటే మా ఆయన బండి కదిలించారు. కావాలనో, చూసుకోకో, నాకిప్పటికీ తెలీదు."

మా అత్తయ్య కళ్ళు తెరిచింది. ఎంత తవ్వినా రాని ఆ రెండు మాటలు అప్పుడే గుర్తొచ్చాయి. నేను మా ఆయన వైపే చూస్తూ మిగతాది చెప్పాను.

"ఉండండి, ఇంకా దిగలేదు, అన్నాను. ఆయన 'తెలుసు' అన్నారు."