ప్లగ్గు తియ్యని ఇల్లు

అది బుధవారం. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకి రిపేరాయన ల్యాప్‌టాప్‌ని బోర్లా తిప్పి, వెనక మరలన్నీ విప్పి చిన్న గిన్నెలో వేశాడు.

అంతకుముందు ఆ ఇంట్లో రోజూ జరిగేవన్నీ జరిగాయి. తల్లి లేచి, ముఖం కడుక్కుని, దేవుడికి దణ్ణం పెట్టుకుంది. మెత్తని గుడ్డతో ల్యాప్‌టాప్ తుడిచి, దాని పక్కన చెవి ఆనించి వింది. కూతురు టీ తెచ్చి, "ఎలా ఉన్నారు?" అంది.

"తెల్లవారుజామున కాస్త ఆయాసపడ్డారు. ఇప్పుడు నయమే."

ఆ ల్యాప్‌టాప్ ఆమె భర్తది. వీధి చివర చిన్న గదిలో కూర్చుని జనానికి అర్జీలు, దరఖాస్తులు టైపు చేసిపెట్టేవాడు. అందరూ టైపు మాస్టారనేవారు. ఉబ్బసం మనిషి. నాలుగేళ్ల కిందట ఒక ముసలావిడ పింఛను దరఖాస్తు కొడుతూ కొడుతూ సగం వాక్యంలో తల వాల్చేశాడు. మనిషి పోయాడు గాని ఊపిరి పోలేదు. అది ల్యాప్‌టాప్‌లో ఉండిపోయింది. ఫ్యాను సందు దగ్గర చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది, మళ్ళీ లోపలికి పోయేది, మధ్యలో సన్నగా పిల్లికూతలు వినిపించేవి. పక్కింటావిడ ఏ గిన్నె ఇవ్వడానికో వచ్చినా గుమ్మంలో ఒక్క క్షణం ఆగి విని, "అన్నయ్యగారికి ఇవాళ నెమ్మదించినట్టుంది వదినా," అని వెళ్ళేది.

ప్లగ్గు తీస్తే ఆ ఊపిరి ఆగిపోతుందేమోనని, ఇంటికి తెచ్చి తగిలించాక ఈ నాలుగేళ్లలో ఒక్క రోజు కూడా తియ్యలేదు. దుమ్ము ఆయనకి పడదని ఆ గది కిటికీలు తెరవలేదు. తల్లి ఒక్క పూట ఇల్లు కదల్లేదు. తల్లి కదలదు కాబట్టి కూతురూ కదల్లేదు.

కూతుర్ని తండ్రి పిచ్చుక అనేవాడు. ముప్పై రెండేళ్లొచ్చినా ఇంటా బయటా పిచ్చుకే. వేరే ఊళ్ళో బడిపంతులమ్మ ఉద్యోగం రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ రాలేనని రాసేసింది. మూడోసారి పిలిచారు, ఇక ముందు పిలవబోమని కూడా చెప్పారు. సర్టిఫికెట్ల నకళ్ళు ఈ బుధవారం సాయంత్రం ఐదులోగా పంపాలి. అసలువి ఇంటి కప్పు కారిన ఏడాది తడిసి ముద్దయిపోయాయి. అంతకుముందే మాస్టారు స్కాన్ చేసిపెట్టాడు గనక బతికాయి. ఉన్నదల్లా ఈ ల్యాప్‌టాప్‌లోనే.

తీరా అవి తీద్దామని చూస్తే ల్యాప్‌టాప్ పొట్ట ఉబ్బింది. కీబోర్డు మధ్యలో లేచిపోయింది, మీటలు నొక్కుడు పడవు, మూత దగ్గరకి రాదు. అందుకే రిపేరాయన్ని పిలిచారు.

"ప్లగ్గు ఎన్నాళ్ళకోసారి తీస్తారమ్మా?" అన్నాడతను.

"తియ్యం బాబూ."

"తియ్యం అంటే?"

"నాలుగేళ్లయింది."

"రోజంతా తిండి పెడుతూనే ఉంటే ఎవరి పొట్టయినా ఇంతే," అని, ప్లాస్టిక్ పుల్లతో మెల్లగా ఎత్తి పాత బ్యాటరీ బయటికి తీశాడు. దిండులా ఉంది. దాన్ని ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టి, పైన కూడా పల్చగా ఇసుక చల్లాడు. "దీన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు. అంటుకుందంటే మన చేతుల్లో ఉండదు."

కొత్త బ్యాటరీ పెట్టి, మర బిగించి, మీట నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు.

బ్యాటరీ తీసేసి ఒట్టి ఛార్జరు మీద నొక్కాడు. గోడ ప్లగ్గు కదపకుండా, ఛార్జరు వైరు కూడా ల్యాప్‌టాప్ దగ్గర పీకేసి, మీట మీద వేలుంచి ముప్పై లెక్కపెట్టాడు. తన సంచిలోని ఇంకో ఛార్జరు తగిలించాడు. మెమరీ ముక్క తీసి, పిచ్చుక దగ్గర రబ్బరు అడిగి తీసుకుని, దాని అంచు రుద్ది మళ్ళీ పెట్టాడు. గడియారానికుండే బొత్తాం బ్యాటరీ కూడా మార్చాడు. డిస్కు ఊడదీసి తన మిషనుకి కలిపితే అందులో ఒక్క కాగితమూ కనిపించలేదు. అది మళ్ళీ దాని చోట పెట్టేసరికి మూడున్నరయింది.

"అన్నీ బాగున్నాయి. బాగుండీ లేవదేం?" అని భూతద్దం నుదుటి మీదకి తోసుకుని, అలసటగా అటూ ఇటూ చూశాడు. అప్పుడు కంటపడింది. రేకు డబ్బాలో ఇసుక మెల్లగా పైకి లేచి, మెల్లగా కిందికి దిగుతోంది. సన్నగా పిల్లికూతలు.

"అదీ సంగతి," అన్నాడు. "ఊపిరి అక్కడ, ఒళ్ళు ఇక్కడ. ఇంక ఎలా లేస్తుంది? ఒకరింట్లో కుట్టుమిషను ఇలాగే చేసింది."

"పాతదే మళ్ళీ పెడితే?" అంది తల్లి.

"లేస్తుంది. గంటో, పూటో. ఆ తర్వాత ఇల్లే అంటుకోవచ్చు. నా చేత్తో నేను పెట్టనమ్మా."

"మరి?"

"అది ఖాళీ అవ్వాలి. ఖాళీ చేసే పని నాది కాదు." అతను సంచి సర్దుకునే మిష మీద వసారాలోకి వెళ్ళాడు.

"వద్దులే అమ్మా," అంది పిచ్చుక. "రాలేనని రాసేస్తాను. అలవాటేగా."

తల్లి కూతురి వంక తిరిగింది. "నువ్వు రెండుసార్లూ అలా రాశావని నాకు తెలుసే. ఎందుకని అడిగితే వెళ్ళిపోతావని అడగలేదు."

తల్లి రేకు డబ్బా పక్కన నేల మీద కూర్చుని, మంచంలో ఉన్న మనిషి దుప్పటి సరిచేసినట్టు ఇసుకని వేలి కొసలతో సర్దింది.

"ఏవండీ. మీరు సగంలో వదిలేసిన పింఛను దరఖాస్తుంది చూశారూ, అది నేను ఆ నెల్లోనే పక్కింటావిడ చేత వేరేచోట రాయించాను. ఆ ముసలావిడకి పింఛను వచ్చింది కూడా. మీకు చెప్పలేదు. పని అయిపోయిందంటే మీరు ఉండరని. ఇన్నేళ్లూ ఆ వాక్యం కోసమే ఆయాసపడుతున్నారని తెలిసీ చెప్పలేదు. నన్ను క్షమించండి. ఇంక మీకేం పని లేదు. దేవుడి దగ్గర పడుకోండి."

ఇసుక ఒక్కసారి బాగా పైకి లేచింది. తర్వాత పొడుగ్గా, పిల్లికూత లేకుండా, ఒక ఊపిరి బయటికొచ్చింది. ఉబ్బసం పట్టకముందు ఆయన నిద్రలో అలా వదిలేవాడు. ఇసుక దిగింది. మళ్ళీ లేవలేదు. అడుగున బ్యాటరీ పలకలా చదునుగా ఉంది.

బల్ల మీద ఎవరూ నొక్కకుండానే ల్యాప్‌టాప్ దీపం వెలిగింది. ఫ్యాను తిరిగింది. ఒట్టి ఫ్యాను చప్పుడే.

పిచ్చుక అన్న పేరుతో ఉన్న ఫోల్డరులో సర్టిఫికెట్లు తొమ్మిదీ ఉన్నాయి. ప్రతి కాగితం కింద, ఎడమ మూల, అదిమి పట్టుకున్న బొటనవేలు కూడా స్కానయింది. గోటి మీద సిరా మరకతో సహా.

"ఈ మూల కత్తిరించనా అమ్మా?"

"ఉండనీ. ఆయనే పంపుతున్నారుగా."

నాలుగూ నలభైకి పంపించారు. రిపేరాయన చదునైన బ్యాటరీని పాత గుడ్డలో చుట్టి తీసుకెళ్ళాడు.

మర్నాడు ఉదయం ఏడింటికి తల్లి గోడకున్న ప్లగ్గు తీసింది. నాలుగేళ్లుగా బిగుసుకుపోయి ఉందేమో, పిచ్చుక కూడా ఓ చెయ్యి వెయ్యాల్సొచ్చింది. వైరు చుట్టి, మూత వేస్తే టిక్కుమని పడింది. పక్కింటావిడ గిన్నె కోసం వచ్చి, అలవాటుకొద్దీ గుమ్మంలో నిలబడి చెవి ఒగ్గింది. లోపలికొచ్చి, అటక మీంచి పెట్టె దింపడానికి సాయం పట్టింది. బడి ఉన్న ఊరికని అందులో తల్లీకూతుళ్ళ బట్టలు సర్దారు. తర్వాత ముగ్గురూ కలిసి కిటికీ రెక్కలు తోశారు. ఎండతో పాటు వీధి దుమ్మంతా గదిలోకి వచ్చి పడింది.

ఎవరూ దగ్గలేదు.