కట్ట కింద దారి

ప్రతి ఏడూ వానలు మొదలవగానే భూగోళం టీచరు ఐదో తరగతి పిల్లలని ఊరి పటం గీసుకురమ్మనేది. ఆ వారమంతా జనం కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిచేవారు. పిల్లలు గీసిన పటాలు బడికి చేరగానే, వాటిని బట్టి ఊరు సర్దుకునేది మరి. కుడికీ ఎడమకీ తేడా తెలియని ఒక గడుగ్గాయి పుణ్యాన మంగలిషాపు ఒకసారి వీధికి అటువైపు తేలింది. మంగలాయన పొద్దున్నే తాళంచెవి పట్టుకొచ్చి, రెండు తిట్లు తిట్టి, రోడ్డు దాటి షాపు తెరుచుకున్నాడు. శనివారం టీచరు ఎర్రపెన్నుతో దిద్దేది. దిద్దిన తప్పులు ఎక్కడివక్కడికి వెళ్ళిపోయేవి, దిద్దనివి ఊళ్ళో ఉండిపోయేవి.

పెద్దవాళ్ళు చెప్పి గీయించిన పటాన్ని మాత్రం ఊరు ఖాతరు చేసేది కాదు. బేకరీ ఆయన తన కొట్టుని బస్టాండుకి ఎదురుగా గీయమని ఒక పిల్లాడికి వారం రోజులు కేకులు మేపాడు. కొట్టు కదల్లేదు. పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయి.

ఈసారి పంక్చర్ల షాపాయన కూతురు ఐదో తరగతికి వచ్చింది. రోజంతా ఎందుకు, ఏమిటి అని ప్రాణం తీస్తుందని ఆ పిల్లని ఇంట్లో నస అని పిలిచేవారు. టీచరు ఆ పిల్లని గీయమన్నది ఇంటి నుంచి ఆస్పత్రి దాకా. ఆ మాట విన్న దగ్గర్నుంచి షాపాయనకి అన్నం సయించలేదు.

భార్యకి తొమ్మిదో నెల. ఆస్పత్రి రైలుకట్టకి అవతల ఉంది. రెండేళ్ళ కిందట ఇలాగే నొప్పులొస్తే బయలుదేరారు, గేటు పడింది. గూడ్సుబండి ఒకటి సిగ్నలు కోసం పట్టాల మీదే నిలబడిపోయింది. అది కదిలేలోపే ఆటోలో బిడ్డ పుట్టాడు, ఏడవలేదు. అప్పట్నుంచి షాపాయన ఆ గేటు వంక చూడడు. చూడకపోయినా దాని గంట షాపులోకి వినబడుతూనే ఉంటుంది.

నస వాకిట్లో బోర్లా పడుకుని, మోచెయ్యి అడ్డం పెట్టుకుని గీస్తోంది. ఆయన ట్యూబు గాలినింపి నీళ్ళ బక్కెట్లో ముంచాడు. బుడగలు వస్తున్నాయి, ఆయన చూడ్డం లేదు.

"ఏవండీ, ఒక్క మాట కూడా అనకండి," అంది కుట్టుమిషను ముందు నుంచి భార్య.

"నేనేమన్నానే?"

"అనబోయారు."

మోచేతి సందులోంచి ఆయనకి గేటు కనబడింది. ఎర్రచారలతో సహా గీసింది.

"ఆ గేటు... ఉండాల్సిందేనా తల్లీ?"

భార్య నుదురు కొట్టుకుంది.

"ఉంది కదా నాన్నా! ఉన్నది గీయకపోతే అది పటం కాదు, ఉత్త బొమ్మ అంది టీచర్," అని నస కాగితం మొత్తం కప్పేసుకుంది.

మర్నాడు ఆయన బడికి వెళ్ళాడు. మనసులో మాట నోట రాక, ఇంకేదో అన్నాడు.

"ఈ భూగోళం ఎందుకండీ పిల్లలకి? ఆ గంట కూడా లెక్కలు చెబితే బాగుపడతారు కదా."

టీచరు కోప్పడలేదు. ఏటా ఎవరో ఒకరు అడిగేదే. "మనం ఎక్కడున్నాం, మనకి కావలసింది ఎక్కడుంది, మధ్యలో అడ్డం ఏముంది. నేను చెప్పేది ఇంతేనండీ. ఇవి తెలిస్తే నాలుగోది వాళ్ళే అడుగుతారు."

"ఏమిటది?"

"ఇంకో దారి ఉందా అని."

ఆయనకి ఈ మాటలు ఏమీ ఊరట ఇవ్వలేదు. నస శుక్రవారం పొద్దున పటం ఇచ్చేసి వచ్చింది. ఆ మధ్యాహ్నమే, వానలో, నొప్పులు మొదలయ్యాయి.

ఎదురింటి ఆటో అతను పరుగున వచ్చాడు. "వదిన్ని ఎక్కించన్నా, మూడు నిమిషాల్లో ఆస్పత్రిలో ఉంటాం," అన్నాడు. వీధి మలుపు తిరిగేసరికి గంట మోగింది. గేటు పడింది. గూడ్సుబండి వచ్చి, అచ్చం అప్పటిలాగే, పట్టాల మీద ఆగిపోయింది. భార్య ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో ఆవిడకీ అదే గుర్తొచ్చిందని ఆయనకి తెలిసిపోయింది.

"అంకుల్, ఎడమకి తిప్పండి," అంది ఆటో అతని పక్కన ఇరుక్కుని కూర్చున్న నస.

"అటేముందమ్మా? ఉన్నది తూము. పిల్లి కూడా దూరదు."

"మన వీధిలోకి వాననీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి? కట్ట అవతల మిట్ట నుంచే కదా! నీళ్ళొస్తున్నాయంటే కింద దారి ఉన్నట్టే. నేను గీశాను."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా!" అని ఆటో అతను బండి తిప్పాడు.

తూము రోడ్డంత వెడల్పుగా నోరు తెరుచుకుని ఉంది. ఆటో దూరింది. పైన గూడ్సుబండి బరువుకి కట్ట మూలుగుతోంది, కింద చక్రాలు సగం నీళ్ళలో ఉన్నాయి. షాపాయనకి ఉన్నట్టుండి ఒక అనుమానం వచ్చింది. టీచరు ఒకరోజు ముందే ఎర్రపెన్ను తీస్తే? లోపల మలుపు తిరగ్గానే కనబడిన అవతలి వెలుతురు మీద కళ్ళు నిలిపి కూర్చున్నాడు. వెలుతురు దగ్గరపడటానికి యుగం పట్టినట్టయింది.

శనివారం పొద్దున టీచర్ల గది గుమ్మం ముందు నిలబడ్డాడు. టీచరు చేతిలో నస పటం ఉంది.

"స్కేలు తప్పండీ. మూరెడు లేని తూముని రోడ్డంత గీసింది."

"అవునండీ."

"తప్పుని తప్పు అనకపోతే నేను టీచర్నెలా అవుతాను?"

ఆయన చేతులు నలుపుకున్నాడు. "ఆడపిల్లండీ. పుట్టగానే కెవ్వుమంది. తల్లీబిడ్డా బాగున్నారు. ఇంకా... కట్టకి అవతలే ఉన్నారు."

టీచరు పటం వంక ఇంకోసారి చూసింది. తరవాత పెన్ను మూత తీసింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కాగితం మీద పెన్ను గీరుకున్న చప్పుడు వినబడింది. తెరిచి చూస్తే తూము తూములాగే ఉంది. పైమూల మాత్రం ఎర్రగా రాసుంది: ఉత్తరం గుర్తు లేదు, అరమార్కు కోత.

టీచరు పటాన్ని దిద్దేసినవాటి కిందికి తోసి, ఇంకోటి తీసుకుంది.

"వాళ్ళని ఇంటికి తెచ్చేటప్పుడు లోపల కాస్త నెమ్మదిగా పోనివ్వమనండి," అంది తల ఎత్తకుండా. "మీ అమ్మాయి మలుపు సరిగా గీయలేదు."