ఆఖరి బండి, తడి వాలు

స్టీరింగు పట్టుకున్న అరచేతుల్ని మళ్ళీ ఓసారి ప్యాంటుకి తుడుచుకున్నాడు ఉక్కుపిండం. పొద్దున్నుంచి సన్నటి తుంపర. ఎదురుగా ఫ్యాక్టరీ వెనకవైపు సిమెంటు వాలు నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది.

ఉక్కుపిండం అన్నది తోటివాళ్ళు పెట్టిన పేరు. తయారైన ప్రతి చిట్టి జీపునీ ఆ వాలు మీద సగం దాకా ఎక్కించి, ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఫోర్మన్ చెయ్యి ఊపేదాకా అందులో కూర్చోవడం అతని పని. బ్రేకు పడితే బండి బజారుకి. పడకపోతే మనిషీ బండీ కలిసి వెనక గోడకి. చూసేవాళ్ళకి అతను కునుకు తీస్తున్నట్టే ఉండేది. లోపల హడలి చస్తున్నాడని పెళ్ళాం ఒక్కదానికే తెలుసు. పనికెళ్ళే రోజు ఆయనకి ముద్ద దిగదని ఖాళీ టీ ఇచ్చి పంపేది. ఎందుకని అడిగేది కాదు మహాతల్లి.

ఈ మోడలు పుట్టిన కొత్తల్లో దానికి తలుపులే లేవు. నెత్తిన గుడ్డ కప్పు, ముందర రెండు గుండ్రటి దీపాలు. కప్పలా ఉందని అందరూ ఒకటే నవ్వు. ఆ కప్పే బురదలో పడీ లేచీ, వాగులు దాటి, కొండల మీది కాన్పులకి మంత్రసానుల్ని మోసింది. తరవాత రేకు తలుపులొచ్చాయి, ఆ తరవాత రేకు కప్పు, మెత్తటి సీట్లు. పిల్లకి ఏటేటా కొత్త గౌను కుట్టించినట్టు అన్నీ మార్చారు గానీ, హ్యాండ్‌బ్రేకు తీగ మాత్రం అదే, చిటికెన వేలంత. అతని భయమూ అంతే. ఒక్క ఏడూ పాతబడలేదు.

ఇది ఆ మోడల్లో ఆఖరి బండి. రేపట్నుంచి పెద్ద బండి, దానికోసం ఇంకా నిటారుగా కొత్త వాలు. ఫోర్మన్ స్వయానా అతని అక్క మొగుడు. పొద్దున్నే భుజం తట్టి మరీ చెప్పాడు.

"రిటైరయ్యేదాకా కొత్త వాలు కూడా నీదేరా బామ్మర్దీ. నీకు తప్ప అంత గుండె ఎవడికుంది?"

సగం దాకా ఎక్కించాడు. వైపరు ఆడుతుండగానే ఇంజను ఆపాడు. బ్రేకు లాగాడు. తడి టైర్లు కిర్రుమంటూ బెత్తెడు వెనక్కి జారి ఆగాయి. రేపు కూడా ఇంతే. ఎల్లుండి కూడా.

కింద ఫోర్మన్ చెయ్యి ఊపాడు. మళ్ళీ ఊపాడు.

అతను తలుపు తీసుకుని దిగాడు. ఓ చెయ్యి నేలకానించి, పసివాడు మెట్లు దిగినట్టు ఒక్కో అడుగే వేస్తూ కిందికొచ్చాడు. పనులాపి అందరూ అటే చూస్తున్నారు.

"ఏరా, బ్రేకు పడలేదా?"

"అది బాగానే పడింది బావా. నాకే భయంగా ఉంది."

"నీకా? వేళాకోళాలాడకు. ఎప్పట్నుంచి?"

"తలుపుల్లేని బండి రోజుల్నుంచి."

ఫోర్మన్ నవ్వబోయి, బామ్మర్ది మొహం చూసి ఆగిపోయాడు.

"మరి ఇన్నాళ్ళూ నోరు విప్పలేదేరా?"

"మీరు ఆ పేరు పెట్టేశారుగా. ఇంకేం చెప్పను? రేపట్నుంచి రాను బావా. ఆకలేస్తోంది, ఇంటికెళ్తా."

గేటు దాటి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరగలేదు. పైకెక్కి బండిని దించేదెవరా అని మిగిలినవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒక్కడూ అడుగు ముందుకెయ్యలేదు.

వాలు మీద చిట్టి జీపు, తెరిచిన తలుపు తెరిచినట్టే, వైపరు పుల్లతో తుంపరని అటూ ఇటూ తోసుకుంటూ ఉండిపోయింది.